మా బావ బందూకు బరువు

"తాతా, నిర్మల్ల నువ్వు వడ్రంగి దుకాణం ఎన్ని పైసలతోని పెట్టినవ్?" అని అడిగిన.

అరవై రెండు రూపాయలు బిడ్డా. ఆగు, అరవై రెండే. అండ్ల నలభై మా అవ్వ కడియాలు కుదువ పెట్టి ఇచ్చింది. మిగిలిన ఇరవై రెండు నేను బండిచక్రాలు చేసి కూడబెట్టుకున్నయి. నీ ఫోన్ల పడుతుందా నా మాట? సరే. గప్పుడు నాకు ఇరవై ఏండ్లు. చదివింది నాలుగో తరగతి, అది సుత ఉర్దూల. గానీ లెక్కలు నోట్లనే చేసేటోణ్ణి. దూలం చూస్తే చాలు, ఎన్ని పలకలు ఎల్తయో, ఎంత పొట్టు పోతదో కొయ్యకముందే చెప్పేటోణ్ణి. జనం నిలబడి చూసేటోళ్లు. గదే నన్ను... అది తర్వాత చెప్త.

దుకాణం పెట్టినంక మొదటి పని ఇచ్చింది మా రాజన్న బావ. సొంత బావ గాదు. మా అవ్వ పుట్టిన ఊరాయన, వరసకు బావ. కడెం దిక్కు గుట్టల కింద వాళ్లకు ఎకరాలు మస్తుండె. ఇంటికి ఆరు దర్వాజలు చెయ్యమన్నడు. బయానా ఇచ్చిండు, టేకు ఆయనే ఇచ్చిండు. లసుమక్క, అంటే ఆయన భార్య, నన్ను తమ్మీ అనేది. ఆ ఇంట్ల నేను తిన్న అన్నానికి లెక్క లేదు. లెక్కలోణ్ణే, దానికి మాత్రం లెక్క పెట్టలే.

ఆయన తాన ఒక రైఫిలుండె. ఫారెస్టు సాహెబొకాయన బదిలీ అయిపోతూ వాళ్ల నాయనకు అమ్మిపోయిండట. పోలీస్ యాక్షన్ అయినంక అందరి తుపాకులు ఠాణాల జమ చేయించుకున్నరు. ఈయనది రెండేండ్లకో మూడేండ్లకో మల్ల చేతికొచ్చింది, పంట కాపలాకని లైసెన్సు రాసిచ్చిండ్రు. గుట్ట మీది మక్కచేనుకు అడివిపందులు వచ్చేటియి. ఎట్లొచ్చేటియి అంటవ్, మందకు మంద వచ్చి ఒక్క పూటల నాలుగు సాళ్లు పండవెట్టి పోయేటియి. అందుకని ఈయన పొద్దుగూకేయాళ్లకు రైఫిలు భుజాన ఏసుకొని గుట్టెక్కేటోడు, మల్ల దిగేటోడు.

ఒకనాడు, అరవై ఒకటో, అరవై రెండో, దుకాణంకొచ్చి రైఫిలు నా బల్ల మీద పెట్టిండు. "బామ్మర్దీ, ఇది మొయ్యలేకపోతున్న. భుజం గుంజుతుంది. దీని బరువు జర తగ్గియ్యరాదు" అన్నడు.

కిరాణం దుకాణంల తరాజుండె. అప్పుడప్పుడే కిలోలు వస్తున్నయి గానీ మాకింకా సేర్లే నోట్ల తిరుగుతుండె. తూస్తే నాలుగున్నర సేర్లొచ్చింది. గొట్టం ఇనుము, దాన్ని ముట్టొద్దు. ఇగ మిగిలింది కుందా. కుందా అంటే ఎనుక కట్టె బిడ్డా, భుజానికి ఆనిచ్చేది. దాని ఎన్కకు ఇనుప పట్టీ ఉంటది, రెండు మరలతోని. ఆ పట్టీ ఇప్పి, బరమతోని లోపటికి రెండు బొక్కలు పొడిచిన, జానెడు జానెడు. పక్కలకు రందా పట్టి పొట్టు తీసిన. పట్టీ మల్ల బిగించిన. బయటికి ఏం కనవడది, నున్నగ, కొత్తదానిలెక్క అయ్యింది. తూస్తే సరిగ్గ నాలుగు సేర్లు.

నాకు ఎంత సంబురమో. బావకు లెక్క చెప్పిన. "పోయి రావడానికి పదివేల అడుగులు ఏస్తవా లేదా? అడుగుకు అద్ద సేరు మిగిలితే ఐదు వేల సేర్లు. అంటే నూట ఇరవై ఐదు మణుగులు. పూటకు నూట ఇరవై ఐదు మణుగుల బరువు నీ భుజం మీదికెల్లి దించిన బావా" అన్న. ఆయన నవ్వి, "నువ్వు వడ్రంగివి గాదురా, పట్వారివి" అన్నడు. చాయ తాపిచ్చిండు. గప్పుడు చాయ అణా.

ఆయన ఎంబడి జంగు మామ వచ్చిండు. గోండాయన, గుట్ట మీది గూడెంల ఉంటడు, అడివంత ఆయనకు ఎర్కే. ఆయన రైఫిలు తీసుకొని, రెండు వేళ్ల మీద అడ్డంగ పెట్టిండు. వేలు పెట్టి గుంజే ఘోడా ఉంటది గదా, దానికి జర ముందట. ఎన్కట అక్కడ పెడితే కదలకుంట నిలవడేదట. ఇప్పుడు గొట్టం దిక్కు ఒంగింది. మల్ల పెట్టిండు. మల్ల ఒంగింది.

"దీన్ని నాగలి అనుకున్నవా పిలగా? ముక్కు భూమిల దిగాలెనా?" అన్నడు. "ఎనుక ఎంత తీసినవో అంత మల్ల పెట్టు."

నేనేమన్ననో తెలుసా. "మామా, నీకు లెక్కలు రావు. తక్కువ బరువు ఎప్పటికైనా తక్కువే" అన్న. ఆయన రైఫిలు బల్ల మీద పెట్టి బయటికి పోయి బీడి ముట్టించుకున్నడు. బావ అటు చూసి, ఇటు చూసి, "వాడు దినామంత కట్టెతోనే ఉంటడు, వానికే తెలుస్తది" అని నా మాటే పట్టుకున్నడు. ఆ మాట ఇప్పటికి సుత నా చెవుల ఉంటది.

నేను తరాజు మీద పెట్టి తూచిన గదా. తరాజు ఎట్లుంటది? ఒక దిక్కు తీస్తే రెండో దిక్కు కిందికి పోతది. ఆ ముక్క నా కండ్ల ముందటనే ఉండె. నేను అంకె చూసిన, తరాజును చూడలే.

మోసుడు వేరు, కాల్చుడు వేరు బిడ్డా. భుజాన ఏసుకున్నప్పుడు బరువంత తోలుపట్టీ మీద ఏలాడుతది, ఎంత తక్కువుంటే అంత సుఖం. లేపి గురి పెట్టినప్పుడు మాత్రం ఎడమచెయ్యే దాన్ని నిలవెట్టాలె. ఎనుక బరువుంటే అది ముందటిదాన్ని లేపి పడుతది, చెయ్యికి బరువే తెల్వది. ఎనుకది నేను తీసేస్తినాయె. ఇగ ముందట ఉన్నదంత చెయ్యి మీదనే పడ్డది. పదంకెలు లెక్కవెట్టే లోపల మణికట్టు వణుకుతది, గొట్టం కిందికి జారుతది. ఇంకోటి, బందూకు బరువుంటే తూటా పేలినప్పుడు ఎనుకకు తన్నే దెబ్బ దాన్లనే సగం ఇంకుతది. తేలికైతే అంత భుజంకే. నాకు ఇవన్ని తర్వాత తెలిసినయి. ఎట్ల తెలిసినయో చెప్త.

బావ వారంల రెండుసార్లు కాల్చిండట. రెండూ తప్పినయి. భుజం నల్లగ కమిలిందని, ఉప్పు కాపడం పెట్టిన అని లసుమక్క నాకు చెప్పింది. చెప్పింది గదా, నేను ఏమన్న అనాలె గదా. నవ్విన. "బావ ముసలోడైతుండు" అన్న. ఆయనకు ముప్పై సుత లేవు.

ఇగ మూడోసారి. ఇంకా ఎలుతురున్నది. జంగు మామ చేను అవుతల ఉన్నడు, బావ ఈ గట్టు మీద. పెద్ద మగపంది ఎదురుంగ వచ్చింది. బావ రైఫిలు లేపిండు. అది ఆగి చూస్తుంది, ఈయన గురి పట్టుకొనే ఉన్నడు. గొట్టం జారుతుంది, మల్ల లేపుతుండు, మల్ల జారుతుంది. పైకెల్లి భుజం నొప్పి మతికున్నది గదా, గుంజేటప్పుడు కండ్లు మూసిండు. దెబ్బ దాని ముందరి కాలుకు తాకింది. దెబ్బ తిన్న పంది ఆగుతదా? వచ్చి తొడ చీరింది. ఇక్కడికెల్లి గిక్కడిదాక. జంగు మామ గొడ్డలితోని ఉరికొచ్చిండు గాబట్టి మనిషి దక్కిండు.

ఎడ్లబండిల నిర్మల్ దవాఖానకు తెచ్చిండ్రు. నేను ఉరికిన. నెల మీద పది దినాలు మంచంల ఉన్నడు. కాలు ఉన్నది గానీ వంగలే. ఇప్పటికి వంగది.

ఒకనాడు పొద్దుగాల నేను గంజి తీసుకపోతే, ఆయన మెల్లగ అడిగిండు. లసుమక్క లేదు అప్పుడు. "బామ్మర్దీ, నాకెందుకో చెయ్యి వణికింది. నువ్వు కట్టె తీసినందుకు ఏమన్న అయ్యిందంటవా?" అన్నడు. నిందవెట్టినట్టు గాదు, తెలుసుకుందామన్నట్టు.

నేను... జర నీళ్లియ్యి బిడ్డా.

నేను ఏమన్నంటే, "బరువు తగ్గితే గురి ఎందుకు పోతది బావా? నువ్వు పందిని చూసి బుగులు పడ్డవ్, గంతే" అన్న.

ఆయన తల ఊపిండు. నమ్మిండు. నాకు ఇరవై ఏండ్లు, కొత్త దుకాణం. వడ్రంగి మనిషిని పడగొట్టిండంటే ఎవడొస్తడు అనుకున్న. అనుకున్నదే చేసిన.

రైఫిలు నా తానకే వచ్చింది, పంది దెబ్బకు కుందా పగిలిందని, బాగు చెయ్యమని. అప్పుడు దర్వాజ ఏసుకొని పట్టీ ఇప్పిన. సీసం కరిగించి ఆ రెండు బొక్కలల్ల పోసిన. కొంచెం పోసుడు, రెండు వేళ్ల మీద పెట్టి చూసుడు, మల్ల కొంచెం పోసుడు. జంగు మామ చూసినట్టే చూసిన. ఘోడా ముందట కదలకుంట నిలవడ్డది. లేపి పట్టుకుంటే పిల్లగాన్ని ఎత్తుకున్నట్టున్నది. తరాజు దిక్కు పోనే పోలే. ఆ దినం అర్థమైంది నాకు, మొత్తం.

ఎవ్వలికి చెప్పకుంట తీసుకపోయి ఇచ్చిన. బావ కట్టె ఊతతోని నిలవడి, ఇప్పచెట్టు మొదలుకు ఒక్కటి కాల్చిండు. సరిగ్గ తాకింది. ఆయన మొఖం ఎట్లయ్యిందనుకున్నవ్? సంతోషం గాదు. రైఫిలును జర్ర సేపు చూసి, "తుపాకి మంచిదే. నా చెయ్యే ఖరాబు" అన్నడు.

నేను పక్కకే ఉన్న బిడ్డా. ఒక మాట చాలు. అనలే.

ఆ నెలనే లైసెన్సు వాపస్ ఇచ్చిండు, రైఫిలు ఠాణాల జమ చేసిండు. చేనుకు కాపలా లేక రెండు పంటలు పోయినయి, గుట్ట మీది చెలక అమ్మిండు. ఊళ్లె పోరగాళ్లు "కండ్లు మూసుకునే రాజన్న" అని పేరు పెట్టిండ్రు. లగ్గాలల్ల సుత ఆ మాటే. ఆయన సుత నవ్వేటోడు వాళ్లతోని. నేను అదే బంతిల కూసోని తినేటోణ్ణి. జంగు మామకు ఎరుకే. ఒక్కసారి నా దిక్కు చూసిండు, బావ ఇంటికి దర్వాజ తగిలించేటప్పుడు. ఆ మాట ఎవ్వలికి చెప్పకనే కాలం చేసిండు పాపం. లసుమక్క సుత పోయింది, తమ్మీ తమ్మీ అనుకుంటనే.

నా దుకాణం బాగ నడిచింది. అరవై రెండు రూపాయలు పెరిగి ఇల్లయినయి, మీ నాయన చదువైంది. లెక్క చూస్తే అంత లాభమే.

బావ ఉన్నడు. తొంభై దాటినయి. కొడుకు తాన ఖానాపూర్ల ఉంటడు. చెవులు ఇనవడవు. మొన్న లగ్గంల కలిస్తే మునిమనుమరాలికి చెప్తుండు, "మీ ముత్తాత పందిని చూసి కండ్లు మూసుకున్నడే" అని. నవ్వుతుండు. నేను సగంలనే ఇస్తరి మడిచి లేచిన.

చెవిల మెల్లగ చెప్పి వద్దామంటే ఇనవడదాయె. గట్టిగ చెప్పాలె. గట్టిగ చెప్తే కొడుకు ఇంటడు, కోడలు ఇంటది, వాకిట్ల ఉన్నోళ్లు సుత ఇంటరు. ఇన్నేండ్లు నలుగురు ఇంటరన్న భయానికే ఆగిన గావచ్చు. ఇప్పుడనిపిస్తది, అట్లనే చెప్పాలె. ఆయనను అందరు ఇనంగనే అన్నరు గదా.

ఖానాపూర్ బస్సు పొద్దుగాల ఎన్ని గంటలకో ఆ ఫోన్ల చూడు. ఏడుకా? మంచిది. నా తెల్లంగి మడత పెట్టి పెట్టు. నువ్వు సుత రా బిడ్డా, నా గొంతు ఆగితే నువ్వు అందుకోవాలె. నీ చెయ్యి ఎన్నడు వణకొద్దు, సల్లగుండు. ఇగ అది బంద్ చెయ్యి, ఆరు గంటలకే లేవాలె.