వదిలెయ్ అన్నది నేనే

నన్ను మా వీధిలోనూ చర్చిలోనూ అందరూ టీచరమ్మ అంటారు. వయస్సు యాభై ఒకటి. వృత్తి కుట్టుపని. ఇంటి ముందు గదిలోనే మిషను వేసుకున్నాను. ఆదివారాలు చర్చిలో చిన్నపిల్లలకు పాఠం చెబుతాను, దానికి జీతం లేదు. ఆసుపత్రి కేసులో మీరు అరెస్టు చేసినది నా సొంత చెల్లెలిని. నన్నెవరూ పిలిపించలేదు. ఈ రోజు ఉదయం పదిన్నరకు నా అంతట నేనే స్టేషనుకు వచ్చాను. ఇన్‌స్పెక్టరు గారు అడిగినవీ, అడగనివీ కలిపి చెబుతున్నాను.

చెల్లి నాకంటే పధ్నాలుగేళ్ళు చిన్నది. మా అమ్మ పోయాక నా చేతుల్లోనే పెరిగింది. చిన్నప్పటి సంగతులు కేసుకు అక్కర్లేదని ఇన్‌స్పెక్టరు గారు అన్నారు. అక్కరుందని నేను అన్నాను. రాయండని ఆయన కానిస్టేబులుకు చెప్పారు.

మా నాన్న చెల్లిని జడ్జిగారు అని పిలిచేవారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే ముందు భుజాలు తడుముకునే రకం. పక్కింటావిడ బాగున్నావా అని అడిగితే బాగున్నానని చెప్పి, వీధి చివరిదాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి, ఇందాక అబద్ధమాడాను, నిజానికి తలనొప్పిగా ఉందండీ అని చెప్పింది. చర్చిలో ఒక పాట రాక పెదవులు మాత్రం కదిపిందట. అది దేవుణ్ణి మోసం చేయడం అవుతుందా అని పాస్టరు గారి ఇంటికి వెళ్ళి అడిగింది. అందరం నవ్వుకునేవాళ్ళం. పందొమ్మిదో ఏట మాత్రం నవ్వులాట పోయింది. పొద్దున లేచింది మొదలు చేసిన ప్రతి పనీ పాపంలాగే కనిపించేది. అన్నం మానేసింది. మనిషి పుల్లలా అయిపోయింది.

అప్పుడు పాస్టరు గారు నాతో, "ఈ పిల్ల మనస్సాక్షికి చర్మం లేదమ్మా. గాలి తగిలినా మండుతుంది. కొన్నాళ్ళు నువ్వే దగ్గరుండి చూసుకో," అన్నారు. కొన్నాళ్ళు అన్నారు. ఆ మాట ఆయన అన్నారని ఈ మధ్యే నాకు గుర్తొచ్చింది.

నేను చెల్లితో ఒక ఏర్పాటు చేసుకున్నాను. ఏ సందేహం వచ్చినా నా దగ్గరికి రావాలి. అది పట్టించుకోవలసిందో, వదిలెయ్యవలసిందో నేను చెబుతాను. నేను వదిలెయ్ అంటే ఇక దాని గురించి ఆలోచించకూడదు. తను ఒప్పుకుంది. నూటికి తొంభై తొమ్మిది వదిలెయ్యవలసినవే. చెల్లి మళ్ళీ తినడం మొదలుపెట్టింది. పెళ్ళయింది. ఉద్యోగం వచ్చింది. మనిషిని నిలబెట్టావమ్మా అని చర్చిలో అందరూ నన్ను మెచ్చుకున్నారు. నాకూ గర్వంగా ఉండేది. ఆ ఏర్పాటును ఎప్పుడు ఆపాలో నేను ఆలోచించలేదు. నన్ను అడగడం మానేయమని తనకు ఒక్కసారి కూడా చెప్పలేదు.

ఆసుపత్రిలో చెల్లి పని కింది అంతస్తులో. ఆపరేషన్లకు వాడే కత్తెరలు, పట్టకార్లు కడిగి, గుడ్డలో మూటకట్టి, పెద్ద ఆవిరి పెట్టెలో పెడతారు. దాన్ని వాళ్ళు కుక్కర్ అంటారు. ప్రతి మూటకూ ఒక కాగితం పట్టీ అంటిస్తారు. లోపల వేడి సరిగా అందితే పట్టీ మీది గీతలు నల్లబడతాయి. నల్లబడిన మూటలనే చిన్న లిఫ్టులో పెట్టి పైకి పంపాలి. ఇవన్నీ చెల్లి చెప్పగా నాకు తెలిసినవి. ఇప్పుడు చెప్పే ఆదివారం సంగతి మాత్రం నా కళ్ళతో చూసి, చెవులతో విన్నది.

పోయిన నెల రెండో ఆదివారం, ఆరాధన అయ్యాక, మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో చెల్లి మా ఇంటికి వచ్చింది. నేను చర్చిలో పాటలు పాడే క్వయరు పిల్లల గౌన్లకు అంచులు మడుస్తున్నాను. సాయంత్రానికి ఇచ్చెయ్యాలి. చెల్లి ఎదురుగా పీట మీద కూర్చుని, నేను చెప్పకుండానే గౌను రెండో కొసను పట్టుకుంది.

"అక్కా, గీతలు నల్లబడట్లేదు. టీ రంగు దగ్గరే ఆగిపోతున్నాయి."

"మీ ఇన్‌చార్జికి చెప్పావా?"

"శుక్రవారం చెప్పాను. పట్టీ పాత సరుకన్నాడు. కొత్త రోలు తీశాడు. అదీ అంతే."

"చెప్పేశావుగా. ఇంకేంటి?"

"చెప్పేస్తే అయిపోతుందా? లిఫ్టులో పెట్టేది నేను కదా."

నాకు విసుగొచ్చింది. అదే చెబుతున్నాను, విసుగొచ్చింది. పని తొందరలో ఉన్నాను. పక్కింటావిడ తలనొప్పి కథ లాంటిదే ఇదీ అనుకున్నాను.

"చూడు జడ్జిగారూ, ఆ కుక్కరు బాగుచేయడం నీకు వచ్చా?"

"రాదు."

"వచ్చినవాడు పర్లేదంటున్నాడు. పైవాళ్ళ బాధ్యత నీ నెత్తినేసుకోవడం కూడా ఒక రకం గర్వమేనే. దేవుడు నీకిచ్చిన పని మూటలు కట్టడం. అది సరిగ్గా చెయ్, చాలు."

ఈ మాటలు నేను చర్చిలో పిల్లలకు చెప్పే గొంతుతోనే చెప్పాను. వినడానికి బాగుంటాయి. నేను కూడా బాగున్నాయనుకున్నాను.

చెల్లి ఊరుకోలేదు. నా ముందే ఇన్‌చార్జికి ఫోను చేసింది. చేతిలో గౌను ఉంది కాబట్టి ఫోను బల్ల మీద పెట్టి స్పీకరు నొక్కింది. ఆయన గొంతు నేను స్పష్టంగా విన్నాను.

"ఆదివారం కూడా ప్రశాంతంగా ఉండనివ్వవా తల్లీ?"

"సార్, రేపు పొద్దున ఆపరేషన్లున్నాయి. ఈ మూటలు ఆపేద్దాం సార్."

"ఆపితే డాక్టర్లకు ఎవరు చెప్తారు, నువ్వా? మెకానిక్కు గురువారం వస్తాడు. అప్పటిదాకా పంపించు. గీతల సంగతి నేను చూసుకుంటాను."

తనకెవరూ చెప్పలేదని ఇన్‌చార్జి మీ దగ్గర చెప్పినట్టు విన్నాను. చెల్లి చెప్పింది. నేను విన్నాను. చెల్లి ఫోను, ఆయన ఫోను రెండూ తీసి చూస్తే ఆ ఆదివారం మూడు గంటల తర్వాత ఆ కాల్ ఉంటుంది. కేసుకు అవసరమైన ముక్క ఇదేనని ఇన్‌స్పెక్టరు గారు అన్నారు. నేను వచ్చింది దీని ఒక్కదాని కోసమే కాదు.

ఫోను పెట్టేశాక చెల్లి నా వైపు చూసింది. "అక్కా?" అంది. అంతే. ఆ ఒక్క మాటలోనే మా ఏర్పాటంతా ఉంది. అప్పుడు నా నోట్లో నాలుగైదు గుండుసూదులున్నాయి. కుట్టేవాళ్ళందరం అలాగే పెదవుల మధ్య పెట్టుకుంటాం. తీసి మాట్లాడవచ్చు. తియ్యలేదు. ఈగను తోలినట్టు, వదిలెయ్ అని చేత్తో సైగ చేశాను. చెల్లి ముఖంలో బరువు దిగిపోయింది. గౌను అంచు చివరిదాకా పట్టుకుని, అయ్యాక టీ పెట్టి ఇచ్చి వెళ్ళింది.

మర్నాడు ఆ మూటలు పైకి వెళ్ళాయి. ఆ ఉదయం ఆపరేషనై బిడ్డను కన్న ఒక అమ్మాయికి లోపల చీము పట్టి జ్వరం వచ్చింది. ఆ వారమే చనిపోయింది. బిడ్డ బాగానే ఉంది. విషయం తెలిసి నేను ఆసుపత్రికి పరుగెత్తాను. వరండాలో ఆ అమ్మాయి భర్త బిడ్డను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పాలసీసా వేడి ఎక్కువుందేమోనని మణికట్టు మీద చుక్క వేసుకుని చూస్తున్నాడు. తుడుచుకుని మళ్ళీ చూస్తున్నాడు. నేను ఎవరో అతనికి తెలియదు. పక్కన చోటుంది కూర్చోండి అన్నాడు. నేను కూర్చోలేకపోయాను. ఆ అమ్మాయి ముఖం నేను ఎప్పుడూ చూడలేదు.

మీరు చెల్లిని రెండు ప్రశ్నలు అడిగారట. గీతలు నల్లబడలేదని తెలుసా అంటే తెలుసంది. పంపింది నువ్వేనా అంటే నేనేనంది. ఫోను మాట చెప్పలేదు. నా మాట అసలే చెప్పలేదు.

మా ఆయన చర్చి పెద్దల్లో ఒకరు. "నిన్ను ఎవరైనా అడిగారా? అడగనిది చెప్పడం దేనికి? ప్రార్థన చెయ్, మనసు కుదుటపడుతుంది," అన్నారు. చేశాను. నిజంగానే కుదుటపడింది. చాలా తేలికైంది. ఆ తేలిక చూసి భయమేసింది. చెల్లికి సైగ చేసిన రోజున కూడా నా మనసు సరిగ్గా ఇంత తేలికగానే ఉంది. ఇన్నేళ్ళూ మనసు నెమ్మదిగా ఉంటే దేవుడు సరేనన్నట్టే అని పిల్లలకు చెబుతూ వచ్చాను. మొద్దుబారిన చేతికి సూది గుచ్చుకున్నా తెలియదని చెప్పలేదు. నాకే తెలియదు.

మా పనిలో బట్ట టేపు వాడతాం. ఏళ్ళ తరబడి లాగితే అది సాగుతుంది. అప్పుడప్పుడు ఇనుప స్కేలు పక్కన పెట్టి సరిచూసుకోకపోతే కొలతలన్నీ తప్పుతాయి. చెల్లికి నేను ఇనుప స్కేలుననుకున్నాను. నేనూ బట్ట టేపునే. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా పాఠాల సంగతి.

ఈ భాగం విని ఇన్‌స్పెక్టరు గారు మర్యాదగానే మాట్లాడారు. "అమ్మా, సలహా ఇవ్వడానికి సెక్షన్ లేదు. పైగా మీరు మాట కూడా అనలేదు, చెయ్యి ఊపారు. ఇది రాసినా మిమ్మల్ని ఎవరూ ఏమీ చెయ్యరు," అన్నారు. ఏమీ చెయ్యకపోయినా రాయమన్నాను. నూటికి తొంభై తొమ్మిది సార్లు చెల్లి భయం ఉత్తదే. ఆ ఒక్కసారి తన మనస్సాక్షి సరిగ్గా చెప్పింది. ఇన్‌చార్జి ఆపమనలేదు, చెల్లి ఆపేద్దామంది. ఆ మనస్సాక్షి నోరు నొక్కింది నేను. అది ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి.

నిన్న సాయంత్రం నాలుగు గంటలకు మీ అనుమతితో చెల్లిని కలిశాను. మధ్యలో ఇనుప జాలీ ఉంది. సన్నబడింది గానీ అన్నం తింటున్నానంది. ఫోను సంగతి ఎందుకు చెప్పలేదే అని అడిగాను.

"ఫోను చేశాక కూడా పంపింది నేనేగా అక్కా."

"రేపు నేను వెళ్ళి అంతా చెప్తాను. నా సంగతి కూడా."

"ఎందుకక్కా, నీకు చెడ్డపేరు."

"నా పేరు పోనీ. కోర్టులో నువ్వేం చెప్తావు?"

"నువ్వు ఏం చెప్పమంటే అది."

"వద్దే. నన్నడగొద్దు. ఇంకెప్పుడూ అడగొద్దు. నీ మనసులో ఏమనిపిస్తోందో అది చెప్పు."

చెల్లి కోపం లేకుండా, మామూలుగా చెప్పింది. "మనసులో అడిగితే నీ గొంతే వినిపిస్తుందక్కా. చాలా ఏళ్ళయింది. వేరే గొంతు లేదు. ఆ అమ్మాయి పోయిందని చెప్పినప్పుడు కూడా లోపల అదే వినిపించింది, వదిలెయ్ అని."

టైమయిందని మహిళా కానిస్టేబులు వచ్చింది. చెల్లి లోపలికి వెళ్ళేదాకా, నేను ఏదో ఒకటి చెబుతానని వెనక్కి తిరిగి చూస్తూనే వెళ్ళింది.

పైన రాసినదంతా కానిస్టేబులు నాకు చదివి వినిపించారు. కేసుకు సంబంధం లేదని రెండు చోట్ల కొట్టేయబోతే నేను వద్దన్నాను. ఎవరి బెదిరింపూ, బతిమాలుడూ లేకుండా, తెలివితో ఉండి చెప్పాను. ఇది నిజమని దేవుని ఎదుట, ఇక్కడున్నవారి ఎదుట ఒప్పుకుని సంతకం చేస్తున్నాను.

(సంతకం)
నిందితురాలి అక్క