సంఘం పెట్టె

(చోడవరం దగ్గర ఒక ఊరు. మధ్యాహ్నం. రిటైరైన బడిపంతులు వేంకటరమణమూర్తి ఇల్లు; మొన్న ఆయన భార్య కమలాంబ పోయింది. వీధి గుమ్మంలో ఇద్దరు.)

"నేను ఇవ్వనని అనలేదు పరదేశీ. ఇప్పుడు కాదన్నాను."

"ఇప్పుడు కాదంటే ఇవ్వననే కదా మాస్టారూ. మా బావ పొద్దున్న పోనాడు. ఈ ఎండకి మనిషి రేపటిదాకా ఆగుతాడేటి? ఫ్రీజర్ పెట్టె మన ఊరి సంఘానిది. మొన్న సాయంత్రం మీ ఇంట్లోకొచ్చింది. ఒక ఇంట్లో ఇరవై నాలుగు గంటలే అని రూలు రాయించింది మీరు. సంఘం సెక్రటరీని నాను. అడగడానికొచ్చేను, అంతే."

"ముందు కూర్చో."

"కూకోను. ట్రాలీ ఆటో రోడ్డు మీద ఉన్నాది. అందులో వడ్ల బస్తా కూడా వేసుకొచ్చేను. ఖాళీ పెట్టె వీధిలో తిరిగితే ఇంకోణ్ణి ఎతుక్కుంటాదని మా ఆడోళ్ళ భయం. మీకు నవ్వొస్తాది."

"నాకు నవ్వు రావట్లేదు. మీ బావ పెదబాబుకి ఏమైంది?"

"సెరుకు తోటలో నీళ్ళు కడతా కూలిపోనాడు. రావికమతం ఆస్పత్రికి తీసికెళ్ళేలోపలే... అయినా మీకెందుకండీ అవన్నీ? పెట్టె సంగతి సెప్పండి."

"మంచివాడు."

"మంచోడే. అందుకే పాడవనివ్వలేను."

"నెమ్మదిగా మాట్లాడు. లోపల బంధువులున్నారు."

"ఉండనీండి. నిన్నంతా బెల్లం లోడు మీద అనకాపల్లి మార్కెట్లో ఉండిపోనాను. ఊళ్ళో ఉంటే నిన్నే వచ్చీసి అడుగుదును. గడువు దాటిపోయిందని మీకు ఎవులూ సెప్పలేదేటి?"

"నాకు ఎవరూ చెప్పక్కర్లేదు."

"మరి?"

"మా అమ్మాయి రావాలి."

"సంయుక్తమ్మా? సిన్నపిల్లప్పుడెప్పుడో సూసేను."

"పూణే నుంచి రావాలి. అది చూడకుండా వాళ్ళమ్మని ఎలా తీసుకెళ్ళమంటావు?"

"ఎక్కడిదాకా వచ్చింది?"

"రాజమండ్రి దాటిందట. రైలు ఆలస్యం."

"బావ కూతురు, మా రోజా గుంటా వస్తంది మాస్టారూ. సెన్నైలో ఇప్పుడే బండెక్కింది. డ్యూటీ బట్టల్తోటే ఎక్కీసింది, మరో జత తెచ్చుకోలేదు. రేపు తెల్లారేక గానీ దిగదు. దానికి అయ్య మొకం సూపించాలా, వద్దా?"

"చూపించాలి."

"మరింకేటి! మీ అమ్మాయి దగ్గరికొచ్చీసింది. మాది ఇంకా ఆ సివరనే ఉన్నాది. ఎవులికి పెట్టె కావాలి? మీరే సెప్పండి, లెక్కల మాస్టారు కదా."

"చోడవరంలో ఐసు దిమ్మలు దొరుకుతాయి. తెప్పించు. ఖర్చు నేనిస్తాను. గడువు దాటినందుకు జరిమానా కూడా నా పేరున రాసుకో."

"జరిమానా! బాగుంది. డబ్బున్నోడు పెట్టె ఉంచుకోవచ్చు, లేనోడు ఐసు మీద పడుకోవాలి. ఇదేటి కొత్త పాఠం? ట్రైనింగులో ఇది సెప్పలేదే?"

"పరదేశీ."

"సంఘం పెట్టినప్పుడు మూడ్రోజులు ఆ బడి బల్లల మీద కూకోబెట్టేరు మమ్మల్ని. దుక్కి దున్నే రోటావేటరు, మందు కొట్టే మిషన్లు, ఈ పెట్టె. వాడుకున్నోడు అద్దె కట్టాలి, కట్టిందాంట్లోంచి రిపేరుకి తీసి పక్కన పెట్టాలి, నాది అన్నోడి సేతికి తాళం ఇవ్వకూడదు. ఇంకా ఏదో తరుగుదల అన్నారు. మా సింహాద్రి లెగిసి 'మనిషి తరిగిపోతే పెట్టెందుకు తరుగుతాది మాస్టారూ' అనడిగితే అందరం నవ్వేం. మీరు ఒక్కరే నవ్వలేదు."

"పక్క ఊళ్ళలో రోటావేటర్లు తుప్పు పట్టాయి. మనది నడుస్తోంది."

"నడస్తంది. నానే నడపతన్నాను. మిమ్మల్ని తిట్టుకుంటా నడపతన్నాను."

"తెలుసు."

"ఎందుకు తిట్టుకుంటానో కూడా తెలుసా?"

"మీ అమ్మ పోయినప్పటి సంగతి."

"గుర్తుందన్నమాట! గడియారం సూసుకోని పెట్టె తీసుకుపోడానికి వచ్చేరు మీరు. మా తమ్ముడు సూరత్ నుంచి రైల్లో ఉన్నాడు. ఒక్క పూట మాస్టారూ, ఒక్క పూట అని బతిమాలేను. చీడికాడ రోడ్డులో ఇంకో ఇంటోళ్ళు ఎదురు సూస్తన్నారు, సంఘం సొమ్ము నీదీ కాదు నాదీ కాదు అన్నారు. ఆడు వచ్చేసరికి బూడిద ఉన్నాది."

"ఆ రోజు నేను చేసింది తప్పు కాదు."

"కాదు కదా! అయితే ఈ రోజు నాను సేసిందీ తప్పు కాదు. తప్పుకోండి."

"కాసేపు ఆగు."

"ఎంతసేపు?"

"తునిలో ఆపేశారట రైలు."

"ఇందాక రాజమండ్రి అన్నారు."

"రాజమండ్రి దాటితే తునే కదా."

"రెండు ముక్కలు మాట్లాడేసరికి తుని వచ్చీసిందా? ఏ రైలది? పేరు సెప్పండి, ఫోన్లో సూస్తాను."

"నన్ను తనిఖీ చేస్తున్నావా?"

"మీరే నేర్పేరు. ఎవులు సెప్పినా నమ్మీయొద్దు, కంటితో సూసి సంతకం పెట్టు అని. పోనీ సంయుక్తమ్మ నంబరియ్యండి. నానే అడుగుతాను."

"వద్దు. దాన్ని ఏడిపించకు."

"నాను ఏడిపిస్తానా? మాస్టారూ, నిజం సెప్పండి. మా వీధిలోకి పోతాదనేగా?"

"ఏమిటి?"

"పెట్టె కొన్నప్పుడు మీ వీధోళ్ళు అన్న మాట నాను మర్సిపోలేదు. వాళ్ళింటి శవాన్ని పెట్టేక మా ఇంటి శవాన్ని అందులో ఎలా పెడతాం అనీసి."

"ఆ రోజు వాళ్ళ నోరు మూయించింది ఎవరు?"

"మీరే. ఇష్టం లేనోళ్ళు సందా వెనక్కి తీసుకోండి అన్నారు. ఎవులూ తీసుకోలేదు. అప్పుడు మీకు దణ్ణం పెట్టుకున్నాను. ఇప్పుడు సూస్తే, సొంతింటికొచ్చేసరికి..."

"ఆ మాట వెనక్కి తీసుకో."

"తీసుకోను."

"పరదేశీ, ఆ మాట వెనక్కి తీసుకో."

"పెట్టె ఇయ్యండి, తీసుకుంటాను. ఉండండి, ఫోను. ఆ, అక్కా... మాస్టారింటి కాడే ఉన్నాను... ఇస్తారు, ఇస్తారే... తడిగుడ్డ కప్పండి. ఆ ఫ్యాను ఇటు తిప్పండి. ఈగలు రాకుండా ఎవుల్నైనా కూకోమను... ఏడవకే. నాను లేనేటి? వస్తన్నాను. ఇన్నారా మాస్టారూ? మా అక్క ఏటడిగిందో తెలుసా? 'ఆయనకి సెమట పట్టినట్టుందిరా' అంతంది. సచ్చిపోయినోడికి సెమట పడతాదేటండి? నానేం సెప్పను దానికి?"

"ఐసు దిమ్మలకి నేనే ఫోన్ చేస్తాను. తొందరగా తెస్తారు."

"మళ్ళీ ఐసేనా?"

"అమ్మాయి వచ్చేదాకా అంతే."

"అయితే ఇనండి. నలుగురు మగోళ్ళు ఆటోలో ఉన్నారు. పిలిస్తే వస్తారు. సెక్రటరీ హోదాలో ప్లగ్గు పీకీసి పెట్టె పట్టుకుపోగలను. తరవాత మీరు ఎవులికి సెప్పుకుంటారో సెప్పుకోండి."

"సరే. వెళ్ళు."

"ఏటి?"

"ఎడమపక్క గది. కిటికీ కింద ఉంది ప్లగ్గు. ఆవిడ అందులో ఉంది. వెళ్ళి పీకు."

"అంత మాట అనకూడదు మాస్టారూ."

"నువ్వే అన్నావు. చెయ్యి."

"నాను కోపంలో అన్నాను. ఆవిడ సేతి పులిహోర తిన్నోణ్ణి నాను. ట్రైనింగు మూడ్రోజులూ గుండిగతో పంపించీవారు. అడుగంటింది నాకేసి 'పరదేశికి మాడుముక్క ఇష్టం' అని నవ్వీవారు. నా సేత్తో నాను పీకగలనేటి?"

"నేనూ పీకలేను."

"మరి ఎవులు పీకుతారండీ? ఎవులో ఒకరు పీకాలి కదా!"

"కమలకి చలి పడదు."

"ఏటండీ?"

"చలి పడదు తనకి. ఎండాకాలం కూడా ఫ్యాను రెండులోనే పెట్టమనేది. మొన్న అందులో పడుకోబెడుతుంటే శాలువా కప్పమన్నాను. కప్పకూడదన్నారు, గాలి ఆడదట. రాత్రి రెండుసార్లు వెళ్ళి అద్దం మీద చెయ్యి పెట్టి చూశాను."

"అంత బాధగా ఉంటే తీసీయండి మరి. బయటికి తీసీయండి ఆవిణ్ణి."

"తీసేస్తే..."

"తీసీస్తే ఏటి?"

"అమ్మాయి రావాలి."

"మళ్ళీ అదే మాట! సరే, నానొక మాట సెప్తాను. మీ అమ్మాయి రైలు తునిలో ఉన్నాదన్నారు. గంటన్నరలో అనకాపల్లి. మా ఆటోనే పంపిస్తాను, తిన్నగా తెచ్చీస్తారు. ఆ గంటన్నర మా బావని ఐసు మీద ఉంచుతాను. ఆ గుంట వచ్చి తల్లి మొకం సూడగానే పెట్టె నాది. ఒప్పుకోండి."

"ఇవాళ రాకపోవచ్చు."

"తునిలో ఉన్న మనిషి ఇవాళ రాదా? మాస్టారూ, నాకేదో తేడాగా ఉన్నాది. మీరు అబద్ధం ఆడతన్నారు. జీవితంలో మొదటిసారి కాబోలు, అతకట్లేదు. పెట్టె మా కొంపకి పంపడం మీకు ఇష్టం లేదు, అంతే. ఆ మాట నా మొకం మీద అనీయండి. మా అక్కకి అదే సెప్తాను. రేపు మీటింగులో అదే సెప్తాను. నేర్పినోడే ఎగ్గొట్టేడు, ఇంక అద్దెలొద్దు, రూల్లొద్దు, ఎవులికి దొరికింది ఆళ్ళు పట్టుకుపోండి అంటాను. సంఘం ఈ గుమ్మంలోనే అయిపోయిందంటాను!"

"ఎందుకండీ అలా అరుస్తున్నారు? లోపల పెద్దవాళ్ళందరూ కంగారు పడుతున్నారు."

"అరవక ఏటి సెయ్యమంటారమ్మా? నాను సంఘం సెక్రటరీని, పరదేశిని. లోపల్నుంచొచ్చేరు, మీరు సుట్టాలేటి?"

"ఏం కావాలి మీకు?"

"నువ్వు లోపలికి వెళ్ళమ్మా. నేను మాట్లాడుతున్నాను."

"ఉండనీండి మాస్టారూ, ఈవిడకీ తెలియాలి. లోపలున్న పెట్టె ఊరందరిదీ అమ్మా. మా ఇంట్లో మనిషి పోనాడు, అక్కడ నేల మీద ఉన్నాడు. పెట్టె అడిగితే ఈయన సంయుక్తమ్మ వచ్చేదాకా ఇవ్వనంతన్నారు. రైలు ఎక్కడుందంటే ఒకసారి రాజమండ్రి అంతారు, ఒకసారి తుని అంతారు, ఇవాళ రాదంతారు. మీరైనా ఆ పిల్లకి ఫోను సేసి కనుక్కోండి, దణ్ణం పెడతాను."

"సంయుక్త వచ్చేదాకా అన్నారా?"

"అవునమ్మా."

"నాతో రఘు బాబాయి వచ్చేదాకా అన్నారు. బాబాయి రాలేనని పొద్దున్నే ఫోన్ చేశాడు."

"నువ్వు లోపలికి వెళ్ళు తల్లీ."

"మీరెవులమ్మా?"

"నేను నిన్న సాయంత్రమే వచ్చేశాను కదా నాన్నా. రా, అమ్మ దగ్గరికి వెళ్దాం. ఇంక పంపిద్దాం."