టంకం మీద బొట్టు

1948 శ్రావణం. జగ్గయ్యపేటలో మెకానిక్ ఇమాం ఇంటి వసారా, పొద్దుటి పూట. ఇమాం, అతని భార్య షాజాది ఉన్నారు. పెరటి గుమ్మంలోంచి అప్పుడే లోపలికి వచ్చింది పుష్పవతి, ధాన్యం కొట్టు కుటుంబరావు భార్య.

"ఎవరూ చూళ్ళేదుగా, అమ్మగారూ?"

"చూస్తే చూశారు, ఇమాం. షాజాది చేత రవికె కుట్టించుకోడానికి వచ్చా. ఇదుగో గుడ్డ."

"ఇటివ్వండమ్మా. కొలత రవికె ఏది?"

"మర్చిపోయా."

"కొలత లేకుండా ఎట్లా కుట్టేది?"

"కొలత సంగతి తర్వాత, షాజాదీ. ముందు తలుపు గడియ పెట్టు. అమ్మగారూ, ఇప్పుడు మీరు మా ఇంటికి రాకుండా ఉంటే బాగుండేది. రాత్రి ఇద్దరు కర్రలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. ఇంట్లో పెట్రోలు వాసనేంటన్నారు. ఎవరి బళ్ళు బాగుచేస్తున్నావు, నిజాం వాళ్ళవా అన్నారు."

"నువ్వేమన్నావు?"

"కుటుంబరావుగారి కారు అన్నా. కారేదీ అన్నారు. కారు షెడ్డులో ఉంది, కార్బొరేటర్లో ఫ్లోటు ఒక్కటే ఇంటికి తెచ్చుకున్నా అన్నా. షెడ్డులోనే చెయ్యొచ్చుగా అన్నారు. ఏం చెప్పమంటారు? సాయిబులు షెడ్డులో అడుగు పెట్టొద్దని మీ వాళ్ళే చెప్పారు బాబూ అననా?"

"ఆయన అన్లేదుగా ఆ మాట."

"అయ్యగారు అన్లేదు. అయ్యగారే అనుంటే నేనీ పని ముట్టేవాణ్ణి కాదు."

"ఆయన ఇటొచ్చారా పొద్దున?"

"ఎవరు?"

"మా ఆయన."

"కొట్లో ఉంటారుగా."

"కొట్లోనే ఉంటారు. సరుకు దిగుతోందని నేను దీపం పెట్టకముందే వెళ్ళారు. వర్జ్యం పోయాక భోంచేసి కోదాడ వైపు బయల్దేరతానన్నారు."

"అట్లా అన్నారా? మరి—"

"షాజాదీ, అమ్మగారికి పీట వెయ్."

"వేసి ఎంతసేపైంది? నువ్వు చూస్తేగా."

"పీట వద్దులే. ఇమాం, ఒకటి అడుగుతా. ఆ ఇత్తడి బుడ్డి లేకపోతే కారు నడవదా?"

"ఫ్లోటా? నడవదమ్మా. అది పెట్రోలు మీద తేలుతుంటుంది. గిన్నెలోకి పెట్రోలు చేరేకొద్దీ పైకి లేస్తుంది, లేచి పెట్రోలొచ్చే దారి మూస్తుంది. అందుకని దాని లోపల గాలి తప్ప ఏం ఉండకూడదు. మీ కారుది నలిగి, అతుకు దగ్గర చిల్లు పడింది. లోపలికి పెట్రోలు దూరి బరువెక్కింది."

"చిల్లుందని నీకెట్లా తెలిసింది?"

"వేణ్ణీళ్ళలో ముంచితే బుడగలొస్తాయి. బుడగ ఎక్కణ్ణుంచి లేస్తే అక్కడ చిల్లు."

"నా అన్నం తప్పేలాలో ముంచాడమ్మా. ఆ పూట అన్నం తిన్నాక మమ్మల్ని కాస్త తోస్తే కోదాడ దాకా పోయేవాళ్ళం."

"రోజూ తినే మాడు వాసన కంటే అదే నయం. లోపలి పెట్రోలంతా కార్చి, ఆరబెట్టి, తగరం కరిగించి చిల్లు మీద టంకం వేశా అమ్మగారూ. టంకం ఎక్కువైతే బరువెక్కి తేలదు. గోరంతే వేశా. మళ్ళీ ముంచి చూశా, బుడగ లేదు. ఎందుకమ్మా ఇదంతా?"

"ఊరికే."

"నా పని బాగాలేదని ఎవరన్నా అన్నారా?"

"లేదు, లేదు."

"అంటే చెప్పండి. దోవలో ఆ కారు ఆగిందంటే పాత కారు, ఆగింది అనరు. సాయిబు కావాలని చెడగొట్టాడంటారు. ఈ ఇంటికి నిప్పు పెట్టడానికి పెట్రోలు కూడా తెచ్చుకోనక్కర్లేదు వాళ్ళు. సీసాలో ఇక్కడే ఉంది."

"దోవలో ఎందుకాగుతుంది? అసలు బయల్దేరితేగా."

"ఏంటమ్మా?"

"ఏం లేదు. ఇమాం, నువ్వొక పని చెయ్. కొట్టుకెళ్ళి ఆయనతో చెప్పు, కారుకి ఇంకా పనుంది, ఇవాళ వెళ్ళొద్దు అని."

"అయిపోయిందిగా. నిన్న సాయంత్రం అయ్యగారి చేతికే ఇచ్చా. రాత్రికి అమ్మవారి దగ్గర పెట్టి, తర్వాత కారు షెడ్డులోంచి బయటికి తోయించి బిగిస్తామన్నారు."

"పెట్టారు. దేవుడి గదిలో పళ్ళెంలో పెట్టి, పసుపు కుంకుమ నన్నే పెట్టమన్నారు. దణ్ణం పెట్టుకోమన్నారు. పొద్దున బిగించడానికి పట్టుకెళ్ళారు."

"మంచిదేగా."

"ఏం మంచి? కోదాడ అవతలికెళ్ళి వాళ్ళ చెల్లెల్నీ పిల్లల్నీ తెస్తారట. మొన్న ఆ ఊళ్ళనుంచి నడిచొచ్చిన వాళ్ళు మా అరుగు మీదే పడుకున్నారు. ఏం జరిగిందని అడిగా. ఒకామె చెప్పడం మొదలుపెట్టి ఆపేసింది. అటు వెళ్ళిన మగమనిషి తిరిగొస్తాడా?"

"బాలామణమ్మగారు అక్కడే ఉండిపోయారు కదమ్మా మరి."

"నా ఆడబిడ్డ, నాకు తెలీదా ఇమాం? తెలిసే అంటున్నా. నాకు ఆయన కావాలి. పాపమైతే నాకే తగలనీ."

"మాకు మాత్రం నబీ—"

"షాజాదీ."

"ఏమన్నా? కారు నడిపేది మా మరిది కాదా? భయం అమ్మగారొక్కరికేనా?"

"నీ భయం నాకు తెలుసు షాజాదీ. అందుకే అడుగుతున్నా. ఇమాం, దానికి ఇంకో చిల్లు ఉంటే ఏమవుతుంది?"

"ఉండదు."

"ఉంటే."

"ఉండదంటున్నాగా. ముంచి చూశా."

"నువ్వు చూశాక పడితే."

"నేను చూశాక ఎట్లా పడుతుంది? మీ దేవుడి గదిలో, పళ్ళెంలో ఉన్నదానికి?"

"అమ్మగారూ, ఏం చేశారు?"

"గోనెలు కుట్టే దబ్బనం ఉందిగా షాజాదీ మా ఇంట్లో. టంకం వేసినచోట మెత్తగా ఉంది. నొక్కితే దిగింది."

"యా అల్లా."

"మెల్లగా, షాజాదీ. గోడవతల మనుషులున్నారు. అమ్మగారూ, నబీ ఫ్లోటు చూడకుండా బిగించడే."

"చిల్లు మీద గంధం మెత్తి కుంకుమ బొట్టు పెట్టా. అమ్మవారి బొట్టు, ఎవరూ తుడవకూడదని ఆయనతో చెప్పా."

"తుడవడు. మీ దేవుడి బొట్టు వాడెందుకు తుడుస్తాడు? వేలు తగులుతుందేమోనని భయపడతాడు."

"అందుకే అట్లా చేశా. ఇంక కారు కదలదుగా? ఆ మాట నీ నోటితో వినిపోదామని వచ్చా. కదలదుగా, ఇమాం?"

"కదులుతుందమ్మా."

"చిల్లుందిగా."

"గంధం పెట్రోల్లో నాని, కుదుపులకి ఊడేదాకా చిల్లు లేనట్టే. ఊడాక కూడా దబ్బనం మొనంత చిల్లు. దాంట్లోంచి పెట్రోలు చుక్కచుక్కగా దూరాలి. అది నిండేదాకా కారు చక్కగా పోతుంది. నిండాక ఫ్లోటు మునిగిపోతుంది. పెట్రోలుకి అడ్డుండదు. పొంగి బయటికి కారుతుంది. ఇంజను ఆగిపోతుంది."

"ఎక్కడ ఆగుతుంది?"

"ఎట్లా చెప్పను?"

"చిల్లకల్లులోనా? చిల్లకల్లులో ఆగితే వెనక్కి తోసుకొస్తారు."

"అంత దగ్గర్లో ఆగదమ్మా. గరికపాడు దాటాక, నిజాం గడ్డ మీద. వెళ్ళేటప్పుడు ఆగకపోతే వచ్చేటప్పుడు, పిల్లల్ని ఎక్కించుకున్నాక."

"ఆగితే నబీ బాగుచేసుకుంటాడు. పని తెలిసినోడేగా."

"వేడి ఇంజను మీద పెట్రోలు కారుతుంటే, ఆగడం గురించి కాదమ్మా నా భయం."

"కూచోండి అమ్మగారూ. నీళ్ళు... మా ఇంటి నీళ్ళు తాగరుగా మీరు."

"ఇవ్వు షాజాదీ. ఇటివ్వు."

"మెల్లగా తాగండి."

"ఇమాం, నీ టంకం సరిగ్గా అతకలేదని చెప్పు. ఇప్పుడే అనుమానం వచ్చిందని చెప్పి ఆ బుడ్డి వెనక్కి తీసుకో. మళ్ళీ టంకం వెయ్యి. నేను చేశానని తెలిస్తే మా అత్తగారు నన్ను గడపలో ఉండనివ్వదు."

"నా టంకం తప్పని నేను చెప్తే, రేపు ఈ వీధిలో మా గడపే ఉండదమ్మా."

"అవును. నిజమే. నిన్నెందుకు అడుగుతున్నా నేను? నేనే చెప్తా. లే, ఇమాం, పద. పెరటి దారిన కాదు, బజారు దారినే పోదాం. కొట్లో హమాలీలుంటారు, గుమాస్తాలుంటారు, ఉండనీ. దబ్బనంతో పొడిచింది నేనేనని అందరి ముందూ ఆయనకు చెప్తా. నందిగామ పుట్టింటికి పంపేసినా సరే, మళ్ళీ ముఖం చూడనన్నా సరే. లే."

"అమ్మగారూ, ఒక్కమాట."

"మాటలు తర్వాత. ఇంకా వర్జ్యం పోలేదు. ఎందుకట్లా కూచున్నావు? షాజాదీ, నువ్వన్నా చెప్పు అతనికి. నువ్వెందుకు ఏడుస్తున్నావు?"

"చెప్పొద్దని మా ఇద్దరి చేతా ఒట్టేయించుకున్నారమ్మా అయ్యగారు."

"ఏం చెప్పొద్దని? ఇమాం, ఏం చెప్పొద్దని?"

"మీరు అడ్డుపడతారని, వర్జ్యం పోయాకే వెళ్తానని మీకు చెప్పారమ్మా. చీకటితోనే ఈ వీధిలోంచే వెళ్ళారు, నబీ, ఆయనా. నేను గుమ్మంలో నిలబడి ఇంజను చప్పుడు విన్నా. టంకం బాగా కుదిరిందనుకున్నా."