టిఫిన్ డబ్బాలో ఆర్కిడ్లు

వంటగది నేలంతా గాజు పెంకులు. అత్త కింద కూర్చుని ఏరుతోంది. కోడలు గోడకి ఆనుకుని ఉంది. కొడుకు పక్కగదిలో ఉన్నాడు.

"కదలకు. నీ కాలి దగ్గర పెద్ద పెంకుంది."

"వదిలేయండి అత్తయ్యా."

"ఎలా వదిలేస్తాం? ఈ మొక్క బతికే ఉంది, వేళ్ళు చూడు, ఎంత పచ్చగా ఉన్నాయో. ఆ ట్వీజర్ ఇటివ్వు."

"నా పెదవి చిట్లింది. నోరంతా రక్తం. మీకు ఆర్కిడ్ల గోలా?"

"గుడ్డ అదిమి పెట్టుకోమన్నానుగా."

"అదిమితే పోయే దెబ్బా ఇది? మొక్కలతో సహా గాజుపెట్టె ఎత్తి నా తలకేసి విసిరాడు మీ అబ్బాయి. పక్కకి తప్పుకున్నాను కాబట్టి గోడకి తగిలింది. తర్వాత జుట్టు పట్టుకుని... మీరు చూశారు కదా?"

"చూశాను."

"మరి?"

"మరేముంది. ఆ పసుపుపచ్చది ఏదీ? బియ్యపు గింజంత మొగ్గ వేసింది, అది ఎక్కడ పడిందో..."

"అమ్మా! ఈ తలుపుకి బయట గొళ్ళెం ఎవరు పెట్టారు?"

"నేనేరా. ఇక్కడంతా గాజు. కాళ్ళు తెగుతాయి, లోపలే ఉండు."

"తీస్తావా, పగలగొట్టనా? నేను ఫోన్ చేస్తే ఎత్తదా అది? మొక్కలకి నీళ్ళు చల్లుతోందట, నీళ్ళు! ముందు ఆ చేతులు విరగ్గొడితే గానీ..."

"ఊడ్చాక తీస్తాలేరా. అరవకు."

"విన్నారా అత్తయ్యా? విన్నారా?"

"నాకేం చెవుడు లేదు."

"పోయినసారి నా మోచెయ్యి విరిగినప్పుడు ఏమన్నారు మీరు? మెట్ల మీంచి పడిందన్నారు. డాక్టరమ్మ నా మొహంలోకి చూస్తే, మీరు నా చెయ్యి నొక్కారు. నోరు మూసుకోమని."

"ఆ బెరడు ముక్క అందుకో."

"ఇవాళ ఏం చెబుతారు?"

"బెరడు, అమ్మాయ్. మట్టిలో పెడితే కుళ్ళిపోతాయి ఇవి."

"మీకెలా తెలుసు? గోరంత పువ్వుకి ఏనుగంత సేవ అని వెక్కిరించేవారుగా."

"నువ్వు ఆఫీసుకెళ్ళాక ఎండ తగలకుండా తెర లాగేదెవరనుకున్నావ్? మధ్యాహ్నం ఆకులు తడిపేదెవరు? అదిగో, స్టవ్ కింద! మొగ్గ కూడా రాలలేదు చూడు. గట్టిపిండం!"

"అత్తయ్యా... టిఫిన్ డబ్బాలో సర్దుతున్నారేంటి?"

"అడుగున తడిగుడ్డ వేశాను. మూతకి చిల్లులు పొడిచాను. ప్రయాణంలో నలగవు."

"ఎవరి ప్రయాణం?"

"చెప్పులు వేసుకో. నీ బ్యాగు సోఫా వెనక పెట్టాను."

"నన్ను వెళ్ళగొడుతున్నారా? కొట్టింది ఆయన, గెంటేది నన్నా?"

"అమ్మా! తలుపు తీయ్! దాన్ని చంపేస్తా! అడ్డమొస్తే నిన్ను కూడా!"

"తలుపు ఊగిపోతోంది అత్తయ్యా! మేకులు ఊడొస్తున్నాయి!"

"ఆ బల్ల అడ్డం జరుపు. ఇంకా జరుపు. ఆఁ, ఇద్దరం కలిసి నొక్కుదాం."

"మీ చేతికి గాజు గుచ్చుకుంది."

"గుచ్చుకోనీ. నొక్కు."

"బెల్లు! ఎవరో వచ్చారు. తీయకండి అత్తయ్యా, దండం పెడతాను. ఈ మొహంతో నన్నెవరూ చూడకూడదు."

"చూడాలి. నువ్వు బల్ల వదలకు. ఎవరండీ అది?"

"పోలీసులమమ్మా. ఈ ఇంటి నుంచి ఎవరో పెద్దావిడ ఫోన్ చేశారట..."

"నేనే. రామ్మా, చూసుకుని అడుగెయ్యి. ఈ పిల్ల నా కోడలు. కొట్టింది నా కొడుకు, ఆ గదిలో ఉన్నాడు. నేను కళ్ళారా చూశాను. ఇప్పుడే రాసుకుని నా చేత సంతకం పెట్టించుకో తల్లీ. కన్నదాన్ని కదా, రేపొచ్చి మాట మార్చేస్తాను. అప్పుడు నమ్మకు."