మూత లోపలి గాడి

ఏమన్నావ్? రబ్బరు అచ్చుకీ ప్లాస్టిక్ అచ్చుకీ తేడా ఏమిటనా? కొత్త ఉద్యోగంలో అడిగారా? అది మీ తాతని అడగాల్సిన మాటమ్మా. ఆయన పోయి పదహారేళ్ళయింది కాబట్టి ఇక ఈ చెల్లెలే చెప్పాలి. మా అన్నయ్య ముప్పై ఏళ్ళు రబ్బరు అచ్చులే చేశాడు. ఇనుప దిమ్మలో వస్తువు ఆకారం తొలిచేవాడు, వెంట్రుకవాసి తేడా రానిచ్చేవాడు కాదు. సరే, విను. రబ్బరుకి అచ్చు కాలుతూ ఉంటుంది, సరుకు చల్లగా వెళ్తుంది. మూసిపెట్టి ఏడెనిమిది నిమిషాలు ఉడికించాలి. ఒకసారి ఉడికిందా, మళ్ళీ కరగదు, పాడైతే పారెయ్యడమే. ప్లాస్టిక్‌ది తలకిందులు. సరుకే కరిగి కాలుతూ వస్తుంది, అచ్చు చల్లగా ఉండాలి, అందుకే దాని ఒంట్లో నీళ్ళు తిరుగుతుంటాయి. అరనిమిషంలో గట్టిపడుతుంది. పాడైతే పొడి చేసి మళ్ళీ పోసుకోవచ్చు. ఇదంతా మీ పుస్తకాల్లో ఉండేదేలే. అసలు తేడా బయటికి తియ్యడంలో ఉంది. రబ్బరు సాగుతుంది. లోపల గాడి ఉన్నా అంచు పట్టుకుని లాగితే మేజోడు ఊడదీసినట్టు వచ్చేస్తుంది. గట్టి ప్లాస్టిక్ అలా కాదు, ఇనుమును కరుచుకుని కూర్చుంటుంది. మా అన్నయ్యకి వేడీ చల్లనా అన్నీ తెలుసు. వేళ్ళకే తెలియలేదు. ముప్పై ఏళ్ళు సాగదీసిన వేళ్ళు కదా.

నీళ్ళ పంపుకి పెట్టే మూత ఒకటుండేది, అప్పటిదాకా అన్నయ్య పనిచేసే ఫ్యాక్టరీలో రబ్బరుతో చేసేవాళ్ళు. యజమాని ఒక పాత ప్లాస్టిక్ మిషను కొని, పక్క ఫ్యాక్టరీలో అలాంటిదే నడుపుతున్న నన్ను పిలిపించాడు. అన్నయ్యతో ఏమన్నాడంటే, ఈ మూత ప్లాస్టిక్‌లో దింపితే అచ్చుల గది నీదే, లేదంటే బయటి మనిషిని తెచ్చుకుంటాను అన్నాడు. మూడు నెలలు నిద్రాహారాలు మానేసి చేశాడనుకో. అయిపోయిన సాయంత్రం నన్ను పిలిచి, "చెల్లీ, రోజూ తీసేదానివి నువ్వు, ఒకసారి చూసి చెప్పు" అన్నాడు. ఒకరిని అడిగే మనిషేనా ఆయన? తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. నేను నోరు విప్పితే చాలు, బటను నొక్కేదానివి, అచ్చుల సంగతి నీకెందుకే అనేవాడు, అదీ నలుగురిలో, నవ్వుతూ. నేనూ నవ్వేదాన్ని. ఏం చేస్తాం. చూశానమ్మా. మూతకి లోపల గాడి పడటానికి అచ్చు మధ్యలో ఉండే ఇనుప బొడిపె చుట్టూ గోరంత ఎత్తున కట్ట ఉంచాడు, రబ్బరుకి ఉంచినట్టే. కనబడింది. "బాగుంది అన్నయ్యా" అన్నాను.

ఒక మూత ఇరుక్కుంటుంది, ఒక్కపూట నేను నవ్వుతాను, ఆయన కట్ట అరగదీసుకుంటాడు, అంతే అనుకున్నాను. మర్నాడు అచ్చు మిషనుకి ఎక్కించి, బటను నేనే నొక్కాను. మూత రాలేదు. అన్నయ్య వంగి చూశాడు, చూడగానే ముఖం మారిపోయింది. ఆగండి అంటూనే ఉన్నాడు, యజమాని కొడుకు ఇనుప కడ్డీ పెట్టి సుత్తితో కొట్టాడు. బొడిపె విరిగింది. మూడు నెలల పని. యజమాని వచ్చి, ఇంట్లోనే మనిషిని పెట్టుకుని ఆమెకి ఒకసారి చూపించలేకపోయావా అని అడిగాడు. నేను అక్కడే ఉన్నాను, మూరెడు దూరంలో. అన్నయ్య నావైపు చూడలేదు. "చూపించలేదండీ. పొగరు నాది" అన్నాడు.

వారం తిరక్కుండా బయటి మనిషి వచ్చాడు. అన్నయ్యని రబ్బరు ముక్కల అంచులు కత్తిరించే బల్ల దగ్గర కూర్చోబెట్టారు, కొత్తగా చేరినవాళ్ళు చేసే పని అది. ఆరేళ్ళు చేశాడు. నా మిషనుకి సరిగ్గా ఎదురుగా ఆ బల్ల. తల ఎత్తితే ఆయనే. మధ్యాహ్నం ఇద్దరం కలిసే తినేవాళ్ళం, పిల్లల చదువులు, ఇంటి కప్పు కారడం, అన్నీ మాట్లాడుకునేవాళ్ళం. అదొక్కటి అడగలేదు. అడుగుతాడని చూశాను, నిజం చెప్తున్నా, రోజూ చూశాను. మంచాన పడ్డాక కూడా...

ఆ తలుపు కాస్త దగ్గరికి వెయ్యమ్మా, గాలి కొడుతోంది. నీకు బస్సు ఎన్నింటికన్నావ్?