చాప పరవని నెల

1957 ఎండాకాలం. తాండూరు పక్క ఊళ్లో మొగులప్ప ఇల్లు. మధ్యాహ్నమే తలుపు గడియ పెట్టి ఉంది. లోపల మొగులప్ప, వికారాబాద్ నుంచి వచ్చిన అతని కూతురు లక్ష్మమ్మ, కోడలు శాంతవ్వ. కోడలి మొగుడు బొంబాయి మిల్లులో ఉంటాడు. పోయిన వానాకాలంలో వెళ్లినవాడు ఇంకా ఇంటికి రాలేదు.

"తాగవే, సల్లారిపోతున్నది."

"తాగను వదినె."

"ముక్కు మూసుకొని ఒక్క గుక్కల మింగు."

"ఏం కలిపిన్రు దీంట్ల?"

"నీకెందుకు? మంత్రసాని భాగమ్మ కాశిచ్చింది. రాత్రికి పొట్టల నొస్తది, తెల్లారెటాల్లకు పోతది."

"ఏం పోతది? నా కడుపుల ఏమున్నది పోనీకె?"

"గదే నేనడుగుతున్న. ఏమున్నది? ఎవనిదున్నది?"

"వదినె, నోరు జర జాగ్రత్త."

"నా నోటి సంగతి తర్వాత. పోయిన నెల నువ్వు బయట కూసున్నవా? అరుగు మీద చాప పరిసినవా? నెలనెలా మూడొద్దులు చాప మీద కనవడే మనిషి పోయిన నెల కనవడలే. వాడకట్టుకు కండ్లు లేవా? నేను బండి దిగంగనే టేషన్ల మన పక్కింటి యాదమ్మ పట్టుకున్నది. మీ మరదలికి నెల తప్పినట్టున్నది, మీ తమ్ముడు ఎప్పుడొచ్చి పోయిండు అని. నాకు తల యాడ పెట్టుకోవాల్నో తెల్వలే."

"యాదమ్మకు వేరే పని లేదా?"

"ఉన్నది. నీ చాపకు కావలి కాసుడు."

"మామా, నువ్వన్న చెప్పు."

"నన్నేం చెప్పమంటవ్? ఆడోళ్ల సంగతి. మీ వదినె చెప్పినట్టు ఇను."

"నువ్వు గూడ గట్లనే అంటవా మామా?"

"అంటున్న గద. తాగు."

"నన్ను వికారాబాద్ దవాఖానకు తోల్కపోండ్రి. డాక్టరమ్మ సూస్తది. ఉంటే ఉన్నదంటది, లేకుంటే లేదంటది."

"అదీ ఒక మాటే నాయినా. రేపు పొద్దుగాల బండికి..."

"వద్దు."

"ఎందుకొద్దు? నేనే తోల్కపోత."

"వద్దంటె వద్దు బిడ్డా. తాండూరు జనమంత ఆ బండిలనే ఉంటది. డాక్టరమ్మ పది అడుగుతది, ఇది పది చెప్తది. మనింటి మాట దవాఖాన మెట్ల మీద పడాల్నా?"

"ఐతే కొన్నొద్దులు ఆగుండ్రి. నా వొద్దులు దగ్గరవడ్డయి. నేనే చాప పరుస్త. ఊరంత సూడనీ."

"ఎట్లాగాలె? ఎల్లుండి తమ్ముడు బొంబాయి బండి దిగుతడు. వాడు దిగిన్నాడే వాని పక్కల పండుకుంటవ్. ఆ ఎన్క నెల తప్పిందని వాని నెత్తికి రుద్దుతవ్. నాకు తెల్వదనుకున్నవా?"

"నీకు మస్తు తెలుసు వదినె. అత్తగారింట్ల నేర్సుకున్నవా?"

"పండ్లు రాలగొడ్త! సూసినవా నాయినా, దాని నోరు?"

"సూస్తున్న. మాటలు చాలు. తాగియ్యి."

"కరణ్‌కోట ఎల్లప్ప కోడలు గిట్లనే కషాయం తాగింది. రక్తం ఆగక సచ్చింది. ఆమెకిచ్చింది గూడ గీ భాగమ్మనే."

"దానికి నెలలెక్కువైనయ్. నీకిప్పుడే గద."

"నేను సస్తే మీ తమ్మునికి ఏం చెప్తవ్?"

"జెరమొచ్చి పోయిందని చెప్త."

"గంతేనా?"

"గంతకంటె ఏం చెప్పాలె? నీ ముచ్చట చెప్తె వాడు బతుకుతడా?"

"దీపం ముట్టి చెప్త వదినె. మీ తమ్ముని మీద ఒట్టు. పరాయి మొగోడు నన్ను తాకలే."

"మరి ఎందుకు కూసోలే? ఒక్క ముచ్చట చెప్పు, ఈ గిన్నె పారవోస్త. ఎందుకు కూసోలే?"

"గదొక్కటి అడగకు వదినె."

"నోట్ల మన్ను వోసుకున్నవా? ఎందుకు కూసోలే?"

"మామనడుగు."

"నాయిననడిగేదేందే? నాయినకేం ఎరుక నీ ముట్టు సంగతి?"

"మామా, చెప్పనా?"

"శాంతవ్వా, పుట్టింటికి పోతవా? పరిగి బస్సెక్కిస్త. ఇప్పుడే మూట కట్టు."

"పోతే ఒప్పుకున్నట్టే. నేను పోను."

"ఐతే తాగు."

"నీ కొడుకు మీద ఒట్టేయించుకున్నవ్. ఇన్నొద్దులు నోరు తెరవలే. నువ్వే నాకు గిన్నె సూపెడ్తవా మామా?"

"ఏం ఒట్టు? నాయినా, ఏం ఒట్టు?"

"ఏం లేదు బిడ్డా. దాని దవడ పట్టుకో. గిన్నె నేను పోస్త."

"తాకకు వదినె! చెప్త. పోయిన నెల మీ అమ్మ సంవత్సరికం నాడు నాకు ముట్టయింది."

"సంవత్సరికం నాడా? ఆ పొద్దు వండింది నువ్వే గద?"

"నేనే. తెల్లారంగ లేసి మామకు చెప్పిన. బయట కూసుంట, వంటకు ఎవరినన్న పిలుసుకో అన్న. నోరు మూసుకొని తానం చేసి పొయ్యి ముట్టియ్యి అన్నడు, ఆ మూడొద్దులు చాప పరవనియ్యలే. పప్పు, బూరెలు, మీ అమ్మ ముంగట పెట్టిన ఇస్తరి, అన్నీ ఈ చేతులతోనే. నువ్వు గూడ తిన్నవ్ వదినె. తినుకుంట ఏడ్సినవ్, అమ్మ వంట యాదికొస్తున్నదని."

"నాయినా, అబద్ధమాడుతున్నది గద? అబద్ధమని చెప్పు."

"పిలుపులు పోయినయ్ బిడ్డా. చుట్టాలు బండ్లు కట్టుకొని వస్తుండ్రి. ఎవరు వండుతరు?"

"అమ్మకు ముట్టుకూడు పెట్టినవా?"

"మెల్లగ, మెల్లగ. ఇది బయటవడితే కులపోళ్లు మల్ల మన బంతిల కూసుంటరా?"

"అంటే దీనికి కడుపు లేదని నీకెరుకనే. ఎరుకుండి నన్ను భాగమ్మ ఇంటికి ఎందుకు తోలినవ్ నాయినా?"

"తాగితే ఏమైతది బిడ్డా? దాని కడుపుల ఏం లేదు గద."