మసెమ్మను గోదారి దాటించిన మొనగాడు

భీమలింగంగారని అడ్డులంకలో ఒకాయన, నాటకాలకి పద్యాలు కట్టేవాడు. మనిషి మంచోడే అనుకో, ఒకటే జబ్బు. ఎవరేం చేసినా అందులో తప్పు కనపడాలి ఆయనకి, కనపడితే దిద్దకుండా ఉండలేడు. కూరలో ఉప్పు దిద్దుతాడు, పక్కింటి ముగ్గులో గీత దిద్దుతాడు, పంతులు చదివే మంత్రం దిద్దుతాడు. హార్మోనీ వాయించే తాతబ్బాయిని చూస్తే మరీనంట. వాడింకా పెట్టె మూత తియ్యకముందే "శ్రుతి తప్పింది" అనేవాడంట. ఎందుకంటే నాటకంలో జనం వన్స్‌మోర్ అని అరిస్తే అది తన పద్యానికో వాడి పెట్టెకో తేలేది కాదు, ఆ బాధ ఈయన కడుపులో మండుతా ఉండేది. మీ ఇళ్ళల్లో ఉన్నారా అలాంటోళ్ళు? నవ్వకే దుర్గా, నీ మొగుడి మాట నేనెత్తలేదు. నువ్వు ఆ పిక్కలు తియ్యి, చింతపండంతా అలాగే ఉంది.

ఆయన పెళ్ళాం నూకరత్నం. వీళ్ళ పెరటి గోడ మీదకి ఒక పిల్లి వచ్చేదంట. పెంపుడు పిల్లి కాదు, ఎవరిదీ కాదు. మొహం నిండా మసి పూసినట్టు నలుపు, ఒక చెవి సగం లేదు. ముట్టుకోనివ్వదు, పిలిస్తే రాదు, దగ్గరికెళ్తే ఉస్సుమని లేస్తది. అయినా నూకరత్నానికి అదంటే ప్రాణం. మసెమ్మా అని పేరెట్టుకుంది. ఏమైందంటే, ఒకరోజు ఆ పిల్లి గోడ మీద కూర్చుని వెనకింటి గడ్డివాము వంకే చూస్తా ఉందంట, పొద్దున్నుంచీ కదల్లేదు. ఏం చూస్తంది ఇది? ఎలకనే చూసిందనుకో. కానీ నూకరత్నం అనుకుందంట, ఆ వాములో ఎవరో ఏదో దాచి ఉంటే? దాచిందెవరు? ఎవరికి తెలీకుండా? అనుకుని కూర్చుని కథ రాసేసింది. వాములో ఇత్తడి బిందె, దాన్ని దొంగిలించిన పెద్దమనిషి, కనిపెట్టిన మసెమ్మ. వారపత్రికకి పంపితే వేసేశారు. ఇంకోటి రాయమన్నారు. పిల్లి ఎటు చూస్తే కథ అటు. బావి వంక చూస్తే బావిలో శవం, కరణంగారి మేడ వంక చూస్తే మేడలో దొంగ వీలునామా. ఊళ్ళో మగాళ్ళంతా ఆ పిల్లి తమ ఇంటి వంక చూస్తే గుండెలు పట్టుకునేవారంట.

భీమలింగంగారు మొదట్లో నవ్వాడు. "ఆడదీ పిల్లీ కలిసి కథలు రాస్తన్నాయిరా" అన్నాడు టీ కొట్టు దగ్గర. తర్వాత నవ్వు తగ్గింది. తర్వాత ఒకరోజు సంతలో ఎవడో కొత్తవాడు ఈయన్ని చూపించి "ఈయనెవరండీ" అంటే, కొట్టువాడు "మసెమ్మ కథలావిడ లేదూ, ఆవిడ భర్త" అన్నాడంట. అంతే, మనిషి లోపల ఏదో పుటుక్కుమంది. పద్యాల భీమలింగం ఏమైపోయాడు? ఇంటికొచ్చి చూస్తే పులుసులో చేప తలకాయ లేదు. పెళ్ళయిన కాడ్నుంచీ ఆయన కంచంలో పడే తలకాయ అది. "తలకాయేదే?" అంటే, "మసెమ్మకి పెట్టానండి, పాపం రెండ్రోజుల్నుంచి దానికేం దొరకలేదు" అందంట. "నాకు దొరికిందా?" అన్నాడంట ఈయన. "మీరు ఎలకల్ని పట్టుకు తినరు కదండీ, అన్నం పెడుతున్నాను కదా" అంది ఆవిడ, మామూలుగానే, వెటకారం కూడా లేదు. అదే ఎక్కువ మండింది.

ఇంకోటి వినండి. ఆవిడ రాసుకోవడానికి వెనకవసారాలో కూర్చుని ఆ పిల్లి వంక చూసేది కదా, ఆ చూపు చూశాడు ఈయన. నా వంక ఎప్పుడైనా అలా చూసిందా అనుకున్నాడు. మర్నాడు తలకి నూనె రాసుకుని, ఉతికిన పంచె కట్టుకుని, పోయి ఆ గోడ దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చున్నాడంట, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ఫోటో దిగేవాడిలాగ. నూకరత్నం తలెత్తింది. కలం ఆపింది. ఈయన ఇంకాస్త నిటారుగా కూర్చున్నాడంట. "ఏవండీ" అంది. "ఊఁ" అన్నాడు మెత్తగా. "కాస్త పక్కకి జరగండి, పిల్లి కనపట్టం లేదు" అంది.

ఇక ఆగుతాడా? పిల్లిని గోదారి దాటిస్తే దాని వాసన తెగిపోద్ది, మళ్ళీ రాదు అంటారు మనోళ్ళు. మా అత్త దాటించిన పిల్లి వారానికి వచ్చి ఆవిడ మంచం మీదే పడుకుంది, అది వేరే సంగతి. నూకరత్నం పుట్టింటికెళ్ళిన రోజు చూసుకుని, వేయించిన చేప ముక్క ఎరేసి, కోళ్ళ గంప మూసి పట్టాడు దాన్ని. గోనెసంచిలో వేసేసరికి మోచేతుల దాకా గీరి పెట్టింది. పట్టపగలే దోనె వేసుకుని, పాయ అడ్డంగా దాటి, ఎక్కడో వదిలేసి వచ్చాడు. వస్తా వస్తా పద్యం కూడా పాడుకున్నాడంట. అంత సంతోషం పెళ్ళినాడు కూడా లేదు ఆయనకి.

నూకరత్నం వచ్చింది. గోడ మీద పిల్లి లేదు. ఆ రోజు రాలేదు, మర్నాడు రాలేదు. చేప తలకాయ గోడ మీద పెడితే కాకులెత్తుకుపోయాయి. "ఏవండీ, మసెమ్మని చూశారా?" అంటే "నాకేం తెల్సు, నేనేమన్నా దాని కాపలాదారునా" అన్నాడు. "చేతులకి ఆ గీతలేంటి?" అంటే "సవకతోటలో ముళ్ళు గీరాయి" అన్నాడు. సవకంటే సరుగుడే కదా, ఆ చెట్టుకి ముళ్ళుంటాయా? ఆవిడ రోజూ ఊరంతా తిరిగింది, గట్లు తిరిగింది, రేవులో పడవవాళ్ళనడిగింది. అన్నం సరిగ్గా తినేది కాదు. కాయితాలు ముందు పెట్టుకునేది, గోడ వంక చూసేది, మళ్ళీ మూసేసేది. పత్రికవాళ్ళు కథేదమ్మా అని అడుగుతున్నారు. ఈయన పులుసులో తలకాయ జుర్రుకుంటా లోపల మురిసిపోయేవాడు. పిల్లితోనే పోయింది దీని రాతంతా, చూశారా అనుకునేవాడు. ఆవిడకి తెలీదనుకున్నారా ఎవరి పనో? గీతలు చూసిన నాడే తెల్సు. కానీ గోదారిలో లంకలు ఎన్నుంటాయి, దిబ్బలు ఎన్నుంటాయి! ఎక్కడ వదిలాడో తెలీకపోతే ఎవరు వదిలారో తెల్సి ఏం లాభం? వరదొచ్చిందా, దిబ్బలన్నీ మునుగుతాయి. ఈయన్ని నిలదీస్తే చచ్చినా చెప్పడు, ఒప్పుకునే రకం మనిషి కాదు.

ఆవిడకి ఒక అలవాటుండేది. కథ పోస్టులో వేసే ముందు చుట్టుపక్కల ఆడాళ్ళని వసారాలో కూర్చోబెట్టుకుని చదివేది. చివరికి రాకముందే దొంగెవడో వీళ్ళు చెప్పేశారా, ఆ కథ చింపేసి మళ్ళీ రాసేది. ఒకరోజు కబురు పెట్టింది, రండి, కొత్త కథ రాశాను అని. వెళ్ళారందరూ. భీమలింగంగారు ఇంట్లోకి జారుకున్నాడు. పిల్లి లేకుండా ఎలా రాసింది? తలుపు వెనకాల చేరి చెవి పెట్టాడు. కథ పేరేంటంటే, మసెమ్మ మాయం.

చదువుతుంది నూకరత్నం. మసెమ్మని ఎవడో ఎత్తుకుపోయాడు, ఊరంతా వెతుకుతున్నారు. తలుపు వెనకాల ఈయన చెవి ఇంకా దగ్గరికి ఆనించాడు. నా పేరు రాసేసిందిరా దేవుడా, ఊళ్ళో తలెత్తుకోలేను అనుకున్నాడు. ఆడాళ్ళు ఎవరా ఎవరా అంటున్నారు. చివరికి దొంగ దొరికాడు. ఎవడు? హార్మోనీ వాయించేవాడంట! ఈయన ఊపిరి పీల్చుకున్నాడు. హమ్మయ్య అనుకున్నాడు. అక్కడితో ఊరుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. కానీ ఆవిడ ఆపలేదు. ఆ హార్మోనీవాడు ఎంత తెలివైనవాడో చెబుతుంది. పాట పాడి పిల్లిని మచ్చిక చేశాడంట, పూలసజ్జలో కూర్చోబెట్టుకున్నాడంట, ఒంటి మీద గీత పడకుండా దోనెలో తీసుకెళ్ళి పుచ్చతోటల లంకలో దింపాడంట. మసెమ్మనే ఏమార్చిన బుర్ర ఈ జిల్లాలో ఇదొక్కటే అని రాసింది. ఆడాళ్ళు చప్పట్లు కొట్టారు. "అబ్బ, ఏం బుర్రమ్మా తాతబ్బాయిది" అంది ఒకావిడ. "కథలే పిన్నీ" అని నూకరత్నం అంటే, "కథైనా, వాడైతేనే చెయ్యగలడు. ఈ ఊళ్ళో ఇంకెవరికి చేతనవుద్ది?" అంది ఇంకో ఆవిడ.

తలుపు ధడేలుమంది. "తాతబ్బాయికా!" అని వచ్చి పడ్డాడు మధ్యలో. "తాతబ్బాయికి బుర్రా? తెడ్డు ఏ వైపు పట్టుకోవాలో తెలీదు వాడికి! పిల్లి పూలసజ్జలో ఆగుద్దంటే? రాసేముందు ఆలోచించక్కర్లేదా? కోళ్ళగంప మూసి పట్టాలి, గోనెసంచిలో వెయ్యాలి! పుచ్చతోటల లంకంట! అక్కడ కాపలావాళ్ళు చూడరూ? ఎవడైనా పిచ్చోడు వదులుతాడా అక్కడ? పాయ మలుపులో రెల్లుదిబ్బ మీద వదలాలి, మనిషన్నవాడు రాడు. తెల్సా?" అన్నాడంట, రొప్పుతా. నూకరత్నం కలం తీసి, "రెల్లుదిబ్బ" అని పక్కన రాసుకుని, "తప్పు దిద్దారు, సంతోషం" అంది. చెంగు దోపుకుని తెడ్డందుకుంది. వసారాలో ఆడాళ్ళంతా ఆవిడ వెనకాలే రేవుకి.

రెల్లుదిబ్బ మీద ఎంత పిలిచినా రాలేదంట పిల్లి. ఎప్పుడొచ్చింది గనక? బక్కచిక్కి, రెల్లులోంచి చూస్తా ఉంది అంతే. నూకరత్నం దోనె చివర చేప పెట్టి, అందర్నీ ఇటు తిరిగి కూర్చోమని, తనూ వీపు తిప్పి కూర్చుంది. చాలాసేపటికి దోనె ఇంత కదిలింది. ఎవరూ వెనక్కి చూడకుండా తెడ్డేశారు.

కథ అచ్చయింది. దొంగ పేరు మార్చిందనుకున్నారా? లేదు, హార్మోనీవాడే. తాతబ్బాయి మీసం మెలేసి తిరుగుతున్నాడు, పొరుగూరివాళ్ళు వచ్చి చూసిపోతున్నారు వాణ్ణి. భీమలింగంగారు ఆగలేక టీ కొట్టు దగ్గర బల్ల గుద్దాడంట, "అది చేసింది నేనురా, నేను!" అని. "ఊరుకోండి మాస్టారూ, మీ ఆవిడే రాశారు కదా, ఆవిడకి తెలీదా" అన్నారంట వాళ్ళు. కావాలంటే వసారాలో విన్న ఆడాళ్ళనడగండి అన్నాడు. అడిగారు. మేమేం వినలేదే, మేం చింతకాయలు కొట్టుకుంటున్నాం అన్నారంట అందరూ. అందులో మా అమ్మ కూడా ఉంది. ఆయన పోయేదాకా ఎవరు దొరికితే వాళ్ళకి చెప్పుకునేవాడు పాపం, నేనే దొంగనని, ఒక్కడంటే ఒక్కడు నమ్మలేదు. మా అమ్మ మాత్రం ఎదురుపడితే, "మీరా? చాల్లెండి అన్నయ్యగారూ, మీరు చీమకైనా అన్యాయం చెయ్యరు" అనేది. అంతకంటే తిట్టు ఏం తిడతాం చెప్పండి?